అనుకోని రేవులో ఒక పగలు

ప్రయాణమంటే మన ఇళ్లలో చాలాకాలం వరకు అవసరమే తప్ప ఉల్లాసం కాదు. పెళ్లికి, చావుకు, ఆసుపత్రికి, కోర్టు వాయిదాకు, బతుకుతెరువుకు మాత్రమే మనవారు ఊరు దాటేవారు. అంతకు మించినది ఏదైనా ఉంటే అది హజ్ యాత్ర. 1995 వరకు ముంబై నుండి జిద్దాకు హాజీల ఓడలు నడిచేవి. ఆ ఓడలలో వెళ్లివచ్చిన పెద్దలు సముద్రం గురించి చెప్పే మాటలు వింటూ పెరిగిన తరం మాది. ఓడ అంటే మా ఊహలో దుఆలు, బియ్యం మూటలు, వాంతులు, కన్నీళ్లు. విహారం కోసం ఓడ ఎక్కే కాలం మా జీవితంలో వస్తుందని మేము తలచలేదు.

వచ్చింది. పిల్లలు ముగ్గురూ తలా కొంత వేసుకొని, మధ్యధరా సముద్రంలో ఏడు రాత్రుల ఓడ ప్రయాణానికి మా ఇద్దరికీ టిక్కెట్లు కొన్నారు. అల్లాహ్ దయవల్ల హజ్ విధి ఇదివరకే నెరవేరింది, అప్పులు లేవు, కూతురి పెళ్లి అయిపోయింది. అయినా మండపేటలోని మా వీధిలో కొందరు పెద్దలు, "ఈ వయసులో ఈ ఖర్చు దేనికి?" అన్నారు. వారి ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం మాకు ఓడ మీద కాక, ఓడ ఆగకూడని చోట ఆగిన ఒక్క పగటిపూట దొరికింది. ఈ నెల ఆ ముచ్చట పాఠక సోదర సోదరీమణుల ముందు ఉంచుతున్నాము. ఈ శీర్షికను మేమిద్దరం కలిసి రాస్తాము కనుక, మాలో ఒకరి సంగతి విడిగా చెప్పవలసి వచ్చినప్పుడు 'ఆయన', 'ఆమె' అని రాస్తున్నాము.

ముందుగా మా కాపురం గురించి రెండు మాటలు. మాలో ఆయన ఇరవై రెండేళ్లు కువైట్‌లో పనిచేశారు. ఆమె ఆ ఇరవై రెండేళ్లు మండపేటలోనే అత్తమామలను, పిల్లలను, ఇంటిని, కాస్తంత కొబ్బరితోటను చూసుకొన్నారు. కోనసీమలో ఇటువంటి కాపురాలు వేలల్లో ఉన్నాయి. కొన్ని ఇళ్లలో భర్త వెళతాడు, మరికొన్ని ఇళ్లలో పసిబిడ్డలను అమ్మమ్మ చేతిలో పెట్టి భార్యే ఎడారి దేశానికి ఇంటిపనికి వెళుతుంది. రెండేళ్లకొకసారి వచ్చే సెలవు నలభై అయిదు రోజులు. అందులో పెళ్లిళ్లు, పరామర్శలు, ఇంటి మరమ్మతులు, బ్యాంకు పనులు. ఇద్దరూ ఒకచోట తీరికగా కూర్చునే రోజులు లెక్కపెడితే చేతివేళ్లకు సరిపోతాయి. ఉద్యోగం ముగిసి ఆయన ఇంటికి వచ్చాక మాకొక సంగతి తెలిసింది. కలిసి బాధ్యతలు మోయడం మాకు బాగా వచ్చు. కలిసి ఊరకే ఉండడం మాత్రం రాదు.

ఓడ మీద కూడా ఆ అవసరం కలగలేదు. అక్కడ ప్రతి గంటకూ ఒక కార్యక్రమం. భోజనానికి వేళ, ప్రదర్శనకు వేళ, రేవులో దిగడానికి వేళ. ఆయన ఆ కాగితాన్ని జేబులో పెట్టుకొని, కంపెనీలో షిఫ్టు నడిపినట్లు నడిపించారు. ఆమె కువైట్ నుండి వచ్చే డబ్బుకు లెక్క రాసినట్లు, ఏ పూట ఏమి తినవచ్చో, దేనిలో హరామ్ పదార్థం ఉన్నదో చిన్న పుస్తకంలో రాసుకొన్నారు. అయిదు రోజులు అలాగే గడిచాయి.

ఆరవనాడు మాల్టా రాజధాని వలెట్టాలో దిగవలసి ఉన్నది. ముందునాటి రాత్రి ఇషా నమాజు ముగిసిన కాసేపటికి మైకులో ప్రకటన వినిపించింది. ఈశాన్యపు గాలి తీవ్రంగా ఉన్నది, వలెట్టా రేవు ముఖద్వారం ఆ దిక్కుకే తెరిచి ఉంటుంది, కాబట్టి ఓడ అక్కడికి వెళ్లక సిసిలీ ద్వీపంలోని పలెర్మోలో ఆగుతుంది అన్నారు. నవంబరు గాలులకు ఆ సముద్రంలో ఇది వింతేమీ కాదట. మాల్టాలో చూడవలసినవన్నీ ఆయన కాగితం మీద రాసి ఉంచుకొన్నారు. పలెర్మో గురించి మా వద్ద ఒక్క ముక్క కూడా లేదు. వీసా సంగతి ఏమిటని ఆమె కంగారుపడ్డారు. మాల్టా, ఇటలీ రెండూ షెంగెన్ ఒప్పందంలో ఉన్న దేశాలే కనుక మా వద్ద ఉన్న వీసాయే చాలునని ఓడ సిబ్బంది చెప్పారు. పిల్లవాడికి ఫోను చేస్తే, "అబ్బా, ఒక్క రోజైనా కాగితం లేకుండా తిరగండి" అని నవ్వాడు.

ఉదయం ఎనిమిదింటికి దిగాము. సాయంత్రం అయిదు లోపల తిరిగి ఎక్కాలి. పలెర్మోలో ఓడలరేవు ఊరిని ఆనుకొనే ఉంటుంది. గేటు దాటితే నగరమే. సహప్రయాణికులు బస్సుల కోసం వరుస కట్టగా, ఎటు వెళ్లాలో తెలియక మేము కాలిబాట మీద నిలబడిపోయాము. "నువ్వే చెప్పు" అన్నారు ఆయన. మా నలభై ఏళ్ల కాపురంలో ప్రయాణం విషయంలో ఈ మాట ఇదే మొదటిసారి వినడమని ఆమె అంటారు. ఆమె కొండలవైపు చూపించి, "అటు నడుద్దాం. అలసిపోతే ఆగుదాం" అన్నారు.

అలా నడుస్తూ నగరం నడిబొడ్డుకు చేరాము. నాలుగు మూలలా శిల్పాలున్న కూడలి నుండి కొండవైపు సాగే పురాతన వీధిని అక్కడివారు ఇప్పటికీ 'కస్సారో' అని పిలుస్తారు. కోట అనే అర్థంలో అరబ్బీలో ఉన్న 'అల్ ఖస్ర్' నుండి వచ్చిన పేరది. ప్రయాణికుడు నమాజును కుదించుకోవడాన్ని కూడా మనం 'ఖస్ర్' అనే అంటాము. అరబ్బీలో రెండింటి అక్షరాలూ ఒక్కటే. ఖస్ర్ చేయవలసిన ప్రయాణికులమై ఖస్ర్ అనే వీధిలో నడుస్తున్నామని గ్రహించినప్పుడు మాకు కలిగిన ఆశ్చర్యం చిన్నది కాదు.

పాఠకులలో కొందరికి ఈ చరిత్ర తెలిసి ఉండవచ్చు. క్రీ.శ. 827లో ఖైరవాన్ నగరపు ఖాజీ అసద్ ఇబ్న్ అల్ ఫురాత్ నాయకత్వంలో ముస్లిం సేన సిసిలీలో దిగింది. 831లో పలెర్మో వారి వశమై, 1072లో నార్మన్ల చేతికి పోయేవరకు రెండు శతాబ్దాలకు పైగా వారి పాలనలో ఉన్నది. పదవ శతాబ్దిలో ఈ నగరాన్ని చూసిన ఇబ్న్ హౌఖల్ ఇక్కడ మూడు వందలకు పైగా మసీదులు ఉన్నాయని రాశాడు. ఆ మసీదులలో ఏదీ నేడు నిలిచి లేదు. అయితే పాలన పోయినంత మాత్రాన పనితనం పోలేదు. నార్మన్ రాజులు ముస్లిం శిల్పులను, గుమాస్తాలను, పండితులను తమ వద్దనే ఉంచుకొన్నారు. రెండవ రోజర్ అనే రాజు కోసం అల్ ఇద్రీసీ ఏళ్ల తరబడి శ్రమించి 1154లో లోకపు భౌగోళిక గ్రంథాన్ని పూర్తిచేసినది ఈ నగరంలోనే. ఆ కాలపు కట్టడాలను 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

ఆ వీధిలోనే ఊరి ప్రధాన చర్చి ఉన్నది. ముస్లిముల కాలంలో ఆ స్థలం జుమా మసీదు. దక్షిణపు వాకిట ఎడమవైపు స్తంభం మీద అరబ్బీ అక్షరాలు కనిపించాయి. దగ్గరకు వెళ్లి చూస్తే ఖుర్ఆన్ వాక్యం. రాత్రింబగళ్లు, సూర్యచంద్రులు, నక్షత్రాలు సృష్టికర్త ఆజ్ఞకు లోబడి ఉన్నాయని తెలిపే అల్ ఆరాఫ్ సూరాలోని ఆయతు అది. స్తంభాన్ని ఎక్కడి నుండి తెచ్చి ఇక్కడ నిలిపినప్పటికీ, దాని మీది రాతను ఎవరూ చెరిపివేయలేదు. ఆమె వేలితో గాలిలోనే ఆ అక్షరాలను అనుసరిస్తూ మెల్లగా చదివారు. పక్కనే నిలుచున్న ఒక ఇటలీ వృద్ధురాలు ఆమె చదవడం ముగిసేవరకు ఆగి, తల పంకించి వెళ్లిపోయింది.

రాజభవనంలో ముస్లిం శిల్పులు చెక్కిన చెక్క పైకప్పు గల ప్రార్థనా మందిరం ఉన్నదని తెలిసింది. అక్కడి బారును చూస్తే మధ్యాహ్నం దాటేలా ఉన్నది. "ఆకలేస్తోందండీ" అన్నారు ఆమె. మామూలుగా అయితే ఆయన, చూడవలసినది చూశాకే తిండి అనేవారు. ఆనాడు బారు వదిలి సందులలోని సంతవైపు తిరిగాము.

బల్లారో అనే ఆ సంతలో నిమ్మకాయలు, వంకాయలు, ఉప్పుచేపలు, ఆలివ్ పళ్లు, అమ్మకందారుల కేకలు. మండపేట సంతకు ఏ మాత్రం తీసిపోదు. బండి మీద శనగపిండి ముద్దను పలుచగా కోసి నూనెలో వేయిస్తున్నారు. పేరు 'పనెల్లే'. మన బజ్జీకి దూరపు చుట్టం. మాంసం లేదు, కానీ నూనె సంగతి ఏమిటి? ఆమె సైగలతో అడుగుతూ ఉండగా పక్క దుకాణం నుండి ఒక యువకుడు, "అది గింజల నూనే చాచీ, నిశ్చింతగా తినండి" అని హిందీలో అన్నాడు. బంగ్లాదేశీయుడు. ఆ ఊరిలో వారు చాలామంది ఉన్నారు. అతడు తన దుకాణం వెనుక గదిలో శుభ్రమైన అట్టలు పరిచి, నీళ్లు ఇచ్చి, ఖిబ్లా దిక్కు చూపాడు. జుహ్ర్, అస్ర్ కలిపి, కుదించి అక్కడే చేసుకొన్నాము. నాలుగేళ్లుగా తల్లిని చూడలేదని, కాగితాల పని పూర్తికావాలని అతడు చెప్పినప్పుడు, ఆయన అతని భుజం మీద చేయి వేసి చాలాసేపు తీయలేదు. తాను కువైట్‌లో ఉన్నప్పటి వయసే ఆ కుర్రవానిది.

చూసి తీరవలసినది ఒకటి చెప్పమంటే అతడు 'జీసా' అన్నాడు. నడక దూరం కాదన్నాడు, టాక్సీ మాట్లాడి పెట్టాడు. పన్నెండవ శతాబ్దిలో నార్మన్ రాజులు ముస్లిం పనివారి చేత కట్టించుకొన్న వేసవి భవనం అది. 'అల్ అజీజా' అన్న అరబ్బీ పేరే నలిగి 'జీసా' అయింది. కింది గదిలో గోడ నుండి ఏటవాలు రాతిపలక మీదుగా నీరు జారి, నేలలో మలచిన సన్నని కాలువ వెంట సాగేలా అమర్చారు. సముద్రపు గాలి ఆ నీటి మీదుగా వీచి భవనాన్ని చల్లబరచడానికి ఆ ఏర్పాటు. కాలువల నీళ్లతో బతికే గోదావరి డెల్టావాళ్లం కనుక మాకది వెంటనే అర్థమైంది. ధవళేశ్వరం ఆనకట్ట వచ్చి మన కాలువలు పారినది 1852 తరువాత. ఇక్కడి తోటలకు కాలువ కట్టడం, తొట్టిలో నీరు నిలపడం వెయ్యేళ్ల కిందటనే అరబ్బులు వృద్ధి చేశారు. సిసిలీ రైతు ఈనాటికీ పంటకాలువను 'సాయా' అంటాడు, అది అరబ్బీ 'సాఖియా'. నీటితొట్టిని 'జెబ్బియా' అంటాడు, అది 'జాబియా'. నిమ్మ, నారింజ, చెరకు, పత్తి ఇక్కడ విస్తరించినది ఆ కాలువల మీదనే. రాజ్యాలు పోయినా కాలువ పేరు రైతు నోట మిగిలిపోయింది.

ఆ భవనంలోనే ఇస్లామీ కళావస్తువుల ప్రదర్శనశాల ఉన్నది. అక్కడ ఒక చిన్న సమాధి ఫలకం ముందు మేము ఆగిపోయాము. 1149 నాటిది. రాజు కొలువులోని గ్రిసాంతో అనే క్రైస్తవ మతాచార్యుడు తన తల్లి అన్నా కోసం వేయించినది. అదే సంగతి నాలుగు వైపులా నాలుగు విధాలుగా చెక్కి ఉన్నది. ఒకవైపు లాటిన్, ఒకవైపు గ్రీకు, ఒకవైపు అరబ్బీ, ఇంకొకవైపు యూదుల లిపిలో రాసిన అరబ్బీ. ఆనాటి పలెర్మోలో ఎవరు ఆ దారిన వెళ్లినా, ఏ భాషవారైనా, తన తల్లి పేరు చదవగలగాలని ఆ కొడుకు కోరుకొన్నాడు. సమాధుల మీద ఆడంబరం మన ధర్మం ఒప్పుకోదు. అయినా ఆ రాతిలో మాకు ఆడంబరం కనబడలేదు, ఒక కొడుకు కనబడ్డాడు.

ఆయన ఆ రాతి ముందు నుండి కదలలేదు. ఇరవై ఏళ్ల క్రితం ఆయన తల్లి మండపేటలో కన్నుమూసినప్పుడు ఆయన కువైట్‌లో ఉన్నారు. ప్రయాణపు కాగితాలు చేతికి వచ్చేసరికి మూడు రోజులు గడిచాయి. జనాజా ఆ రోజే ముగిసింది. ఆఖరి దినాలలో తల్లి పక్కన ఉన్నది కోడలు. ఫోనులో ఆనాడు చెప్పినది రెండు నిమిషాల మాట. తరువాతి సెలవులో ఇల్లు నిండా చుట్టాలు. ఆ తరువాత ఎప్పుడు చెప్పాలో ఆమెకు, ఎలా అడగాలో ఆయనకు తెలియక ఇరవై ఏళ్లు గడిచిపోయాయి.

బయట తోటలోని అరుగు మీద కూర్చున్నాక ఆమె చెప్పారు. "మొదటి ఏడాది మీరు పంపిన నీలం దుప్పటిని అత్తమ్మ ట్రంకు పెట్టెలోనే దాచారు, ఎవరికీ కప్పనివ్వలేదు. ఆఖరి రాత్రి దాన్ని తీయించుకొని కప్పమన్నారు. వాడి చేతులు వెచ్చగా ఉన్నాయి అన్నారు."

కాసేపటికి ఆయన, "ఇంకేమైనా అడిగిందా?" అన్నారు.

"మీరు అన్నం తిన్నారో లేదో అడిగారు."

ఆ దుప్పటి ఏమయిందని ఆయన ఎన్నడూ అడగలేదు. అత్తగారి పేరిట సదఖాగా దాన్ని ఒక పేద ముసలమ్మకు ఇచ్చానని ఆమె ఆనాడే చెప్పారు. ఆయన చేతులెత్తి తల్లి కోసం దుఆ చేశారు, ఆ తరువాత పక్కనున్న మనిషి కోసం కూడా చేశారు. మూడున్నర దాటింది. అక్కడి నుండి ఇంకేమీ చూడకుండా నేరుగా ఓడకు వచ్చేశాము.

మావలె తలవని తలంపుగా ఈ గడ్డ మీద దిగిన యాత్రికుడొకడు ఎనిమిది శతాబ్దాల క్రితమే ఉన్నాడు. గ్రానడాకు చెందిన ఇబ్న్ జుబైర్ హజ్ ముగించుకొని అక్కా రేవు నుండి ఓడలో తిరిగివస్తూ ఉండగా, 1184 డిసెంబరులో, రమజాన్ మాసంలో, సిసిలీలోని మెస్సీనా వద్ద ఓడ బద్దలైంది. ఒడ్డుకు చేర్చడానికి పడవలవారు పెద్ద కూలి అడిగారు. ఇవ్వలేని పేద ముస్లిములు ఓడలోనే చిక్కుకొనగా, అక్కడ ఉన్న రాజు రెండవ విలియం సంగతి తెలుసుకొని, వారి కూలికి తన నాణేలు నూరు ఇప్పించాడు. ఇబ్న్ జుబైర్ పలెర్మో చూశాడు, అక్కడి క్రైస్తవ స్త్రీలు ముస్లిం స్త్రీలవలె దుస్తులు ధరించి ముసుగు వేసుకోవడం చూసి అబ్బురపడ్డాడు. త్రాపనీలో మరొక దృశ్యాన్నీ రాసిపెట్టాడు. అక్కడి ముస్లిం తండ్రి ఒకరు, తన బిడ్డ ధర్మం నిలుపుకొనే చోట బతకాలని కోరి, యాత్రికులలో ఒకరికి ఆమెను ఇచ్చి పంపడానికి సిద్ధపడ్డాడు. మళ్లీ చూడలేనని తెలిసీ పంపదలచాడు. తదుపరి శతాబ్దిలో రెండవ ఫ్రెడరిక్ సిసిలీ ముస్లిములను ఇటలీలోని లుచేరాకు తరలించాడు. 1300లో ఆ సమాజం కూడా చెదిరిపోయింది. ఆ గడ్డ మీద మిగిలినవి కాలువల పేర్లు, స్తంభం మీది ఆయతు, విడిపోయిన కుటుంబాల కథలు. విడిపోయి బతకడం ఎంత బరువో గల్ఫ్ కుటుంబాలకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక మా వీధి పెద్దలు అడిగిన ప్రశ్నకు వద్దాము. ఖర్చు దేనికి? ఓడకు, గదికి, విందులకు అంటే ఆ ఖర్చు మాకూ ఎక్కువే అనిపిస్తుంది. ఆ అరుగు మీది అరగంట గురించి అడిగితే, దానికి ఖర్చే లేదు. అందుకు ఇటలీ కూడా అక్కరలేదు. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) తోటివారిని ముందుకు సాగిపొమ్మని, హజ్రత్ ఆయిషా (ర)తో పరుగుపందెం వేసిన ఉదంతం మనందరికీ తెలిసినదే. ఎంతటి బాధ్యతలు మోస్తున్న మహనీయులు వారు! అయినా ఆ కాసేపు ఊరివారిని, పనులను ముందుకు పంపి, భార్యతో వెనుక మిగిలారు. ఆ ఆదర్శంలో పరుగు ఎంత ముఖ్యమో, వెనుక మిగలడం కూడా అంతే ముఖ్యమని మాకిప్పుడు తోస్తున్నది.

కనుక, ప్రియ సోదర సోదరీమణులారా, ఏళ్ల తరబడి విడిగా బతికి ఇప్పుడు ఒక కప్పు కిందికి చేరిన జంటలకు మా విన్నపం ఇది. నెలకొక పగటిపూట కాగితం లేకుండా బయలుదేరండి. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గౌతమి దాటి ముక్తేశ్వరం వైపు దిగండి. యానాం గట్టు మీదనో, ఓడలరేవు ఇసుకలోనో కూర్చోండి. ఎటు వెళ్లాలో ఈసారి రెండవవారిని చెప్పనివ్వండి. నమాజు వేళ వస్తే అక్కడే చాప పరచండి. ఫోను సంచిలో ఉండనివ్వండి. మొదటి గంట మాటలేమీ రాకపోవచ్చు, అందుకు బెంగపడకండి. ఇంటిలో ఉన్న మనిషి మీ కోసం మోసి దాచిన మాట ఒకటి తప్పక ఉంటుంది. అది బయటికి రావడానికి తొందరలేని ఒక పగలు కావాలి.

గల్ఫ్‌లో ఉన్న కొడుకులకు, కూతుళ్లకు ఇంకొక మాట. ఈ రాత్రి ఇంటికి ఫోను చేసినప్పుడు డబ్బు సంగతి చివరికి ఉంచండి. ముందు అన్నం తిన్నారా అని అడగండి. అటువైపు వారు మిమ్మల్ని అడగాలనుకొన్నదీ అదే.